సాంత్-దెల్ఫీన్ పేరు తగాదా

సాంత్-దెల్ఫీన్‌లో ఫిబ్రవరిలో పోయినవాళ్ళు మే నెల దాకా ఆగాలి. నేల గడ్డకట్టి ఉంటుంది, గునపం దిగదు. పూజ అయిపోతుంది, ఏడుపులు అయిపోతాయి, చర్చి కింది హాల్లో బఠాణీ సూపూ రొట్టెలూ అయిపోతాయి. పోయినవాళ్ళు మాత్రం శ్మశానం మూలనున్న రాతి గదిలో తమ వంతు కోసం ఉండిపోతారు. ఆ ఏడు గదిలో ముగ్గురున్నారు. ముగ్గురిలో పెద్దది అల్మా, తొంభై నాలుగేళ్ళు. బతికుండగా ఎవరికోసమూ అయిదు నిమిషాలు ఆగిన మనిషి కాదు.

అల్మా కూతురు నోయెల్లాకి అరవై ఆరు. ఊరి పోస్టాఫీసులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు పనిచేసి దిగిపోయింది. అన్నేళ్ళూ పొద్దున్నే లేచి వెళ్ళి, వచ్చిపోయే ప్రతి ఉత్తరం మీదా 'సాంత్-దెల్ఫీన్' అని ముద్ర గుద్దింది. ఆ పేరు మీద తనకున్నంత హక్కు ఊళ్ళో ఇంకెవరికీ లేదని ఆవిడ నమ్మకం. ముద్ర ఒక్కటే కాదు దానికి కారణం.

అసలు కారణం అల్మా. నోయెల్లాకి ఊహ తెలిసినప్పటినుంచీ అల్మా ఒకటే కథ చెప్పింది. నది మీద వంతెన లేని రోజుల్లో, చలికాలం నీళ్ళు గడ్డకట్టాక జనం మంచు మీదే అటూ ఇటూ దాటేవారు. ఎక్కడ మంచు మందంగా ఉందో చూసి, ఆ దారికి రెండు పక్కలా చిన్న ఫర్ చెట్లు నరికి తెచ్చి పాతేవారు. వాటి మధ్యన నడిస్తే బతుకుతావు, పక్కకి పోతే నీ ఖర్మ. ఆ దారి గుర్తుపెట్టే పని అల్మా ముత్తవ్వది. పేరు ఫిలోమెన్ పినెత్. అంతకుముందు ఆ పని ఆమె మొగుడిది. ఒక డిసెంబరులో మంచు పలచగా ఉందని ఆయనే అందరికంటే ముందు కనిపెట్టాడు, తిరిగొచ్చి చెప్పే వీల్లేకపోయింది. అప్పట్నుంచీ ఫిలోమెన్ ఇనప మొన ఉన్న గడకర్రతో మంచుని పొడుచుకుంటూ ముందు నడిచేది, వెనక ఊరు నడిచేది. ఊరంతా ఆమెని దెల్ఫీన్ అని పిలిచేవారు. చర్చి కట్టి ఊరికి పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ దెల్ఫీన్ పేరే పెట్టారు. ఇదీ అల్మా కథ.

ఫిలోమెన్‌ని దెల్ఫీన్ అని ఎందుకు పిలిచేవారని ఎవరైనా అడిగితే, "పిలిచేవారు కాబట్టి పిలిచేవారు, నీకేంటి బాధ?" అనేది అల్మా. దానితో చర్చ ముగిసేది.

ఊళ్ళో మిగతావాళ్ళ కథ వేరు. సామిల్లు పెట్టిన మొదటి గోవ్రో పెళ్ళాం పేరు దెల్ఫీన్. చర్చి ఉన్న స్థలం గోవ్రో ఇచ్చింది. స్థలం ఇచ్చిన ఇంటివాళ్ళ పేరుగల పునీతులెవరో వెతికి ఊరికి తగిలించడం మా వైపు మామూలే. ఈ నది పొడుగునా ఉన్న పునీతుల్లో సగంమంది పునీతులైంది స్థలాలున్నందుకే. సాంత్ అంటే పునీతురాలు, కాబట్టి సాంత్-దెల్ఫీన్ అంటే దెల్ఫీన్ గోవ్రో. బళ్ళో అదే చెప్పారు, పోస్టుకార్డు మీద అదే అచ్చువేశారు.

మొదటి చర్చి పుస్తకాలుంటే ఏ గొడవా లేకపోను. ఫాదర్ల ఇల్లు 1904లో తగలబడ్డప్పుడు అవీ పోయాయి. మిగిలినవాటిలో అల్మాకి దొరికింది 1911 నాటి ఒక్క వరుస. 'ఫిలోమెన్ పినెత్, దెల్ఫీన్ అని పిలవబడే ఆమె, నేడు పూడ్చబడినది.' అల్మా దాన్ని నకలు రాయించి ఫ్రేము కట్టించి, వంటింట్లో పొయ్యి పైన వేలాడదీసింది. ఊరికి మాత్రం నమ్మకం కుదరలేదు. పైగా అదొక ఊతపదమైపోయింది. చేప మూర పొడుగుందని ఎవడైనా కోతలు కోస్తే, పక్కవాడు "అల్మా ముత్తవ్వ సాక్షిగానా?" అనేవాడు. ఆ మాట కొట్లో అల్మా వరసలో నిలబడి ఉండగానే అనేవాళ్ళు. అల్మా వినపడనట్టు నిలబడేది. ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా కడిగేది. ఆ గిన్నెల చప్పుడు వింటూ పెరిగింది నోయెల్లా.

జనవరిలో మంచం పట్టాక అల్మా కూతుర్ని పిలిచి బిస్కెట్ల డబ్బాలోంచి ఒక కాయితం తీయించింది. సమాధి రాయి మీద చెక్కించాల్సింది అందులో రాసి పెట్టుకుంది. పేరు, తేదీలు, కింద మూడో వరుస: 'ఈ ఊరికి పేరిచ్చిన దెల్ఫీన్ మునిమనవరాలు.'

"చెక్కించు. నన్ను చూసి నవ్విన ప్రతివాడూ ఆదివారం ఆ రాయి పక్కనుంచే పోవాలి" అంది అల్మా.

"అలాగేనమ్మా."

"అలాగే కాదు. మాటివ్వు."

నోయెల్లా మాటిచ్చింది. ఇవ్వడం తేలిక. రాయి మీద పేరూ తేదీలూ కాక ఇంకేదైనా రాయాలంటే శ్మశానం కమిటీ అధ్యక్షుడు సంతకం పెట్టాలి. ఆ నియమం 1984లో పెట్టారు. ఒమేర్ అనే ఆయన సమాధి మీద 'అందరికీ మంచివాడు' అని చెక్కిస్తే, మూడు నెలల్లో సొంత తమ్ముడూ ఇద్దరల్లుళ్ళూ కలిసి అభ్యంతరం రాసిచ్చారు. అప్పట్నుంచీ ఒక్క వాక్యం మించకూడదు, అది నిజమని అధ్యక్షుడు సంతకం చెయ్యాలి. ఇప్పుడు అధ్యక్షుడు రోజేర్ గోవ్రో.

రోజేర్‌కి డెబ్భై. సామిల్లు కొడుక్కిచ్చేసి ఊరి మంచిచెడ్డలు నెత్తినేసుకున్నాడు. నోయెల్లా, ఆయనా ఒకే బళ్ళో చదివారు. రోజేర్ నాలుగేళ్ళు పెద్ద. నోయెల్లాకి ఆయన్ని తిట్టడం అప్పట్నుంచీ అలవాటు. మార్చిలో ఒక మంగళవారం చర్చి కింది హాల్లో ఆయన మడత కుర్చీలు సర్దుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఏం రోజేర్, సంతకం పెట్టావా?"

"పెట్టాను. పేరు బాగుంది, తేదీలు బాగున్నాయి. మూడో వరుస కొట్టేశాను."

"ఎందుకో?"

"శ్మశానంలో అబద్ధాలొద్దు నోయెల్లా. ఒకళ్ళకి ఒప్పుకుంటే అందరూ మొదలెడతారు. ఒమేర్ సంగతి నీకు తెలీదా?"

"అంటే మా అమ్మ అబద్ధాలకోరా?"

"నేనలా అన్లేదు. మీ అమ్మకి ఎవరో చెప్పారు. వాళ్ళకింకెవరో చెప్పారు. ఆ మొదట చెప్పిన మనిషెవరో గానీ, అబద్ధం చెప్పింది ఆ మనిషి."

"మరి మీ దెల్ఫీన్ నిజమా?"

"స్థలం మాది. కాయితం ఉంది."

"స్థలానికుంది. పేరుకుందా?"

రోజేర్ ఇంకో కుర్చీ మడిచాడు. పేరుకి కాయితం లేదు. అయినా జూన్‌లో జరగబోయే నూటయాభై ఏళ్ళ పండుగ కోసం ఆయన అప్పటికే సామిల్లులో మంచి ఓక్ చెక్క కోయించి, తలుపంత బల్ల మీద 'దెల్ఫీన్ గోవ్రో, ఈమె పేరే ఈ ఊరు' అని చెక్కించి పాలిష్ కూడా పట్టించాడు. శ్మశానం రాయి దగ్గర ఆయనకున్న పట్టింపు చెక్క బల్ల దగ్గర లేకపోయింది.

వంటగదిలోంచి ఫాదర్ అరిస్తీద్ కాఫీ కప్పుతో బయటికొచ్చారు. టోగో దేశం నుంచి వచ్చి పదకొండేళ్ళయింది. ఆరు ఊళ్ళ చర్చిలు ఆయనొక్కరే చూస్తారు. ఆరు ఊళ్ళలోనూ ఇలాంటివి ఒకటో రెండో ఉన్నాయి కాబట్టి తొణకరు.

"మీ ఇద్దరూ నలభై ఏళ్ళుగా ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు. గంటని ఎందుకు అడగరు?" అన్నారు.

ఇద్దరూ ఆయన వైపు చూశారు.

"గంటకీ జ్ఞానస్నానం చేయించి పేరు పెడతారు కదా. జ్ఞానతల్లిగా నిలబడి పేరిచ్చింది ఎవరో దాని మీదే పోతపోస్తారు. చర్చికి మొదటి గంట, ఊరికి మొదటి పేరు, రెండూ ఒకే కాలం నాటివి. ఎలాగూ ఏప్రిల్లో పగులు చూడ్డానికి దించుతున్నాం."

"దాని మీదేదో రాసుందని మా నాన్న అనేవాడు" అన్నాడు రోజేర్.

"ఏం రాసుందో ఎవరూ చదవలేదా?" అంది నోయెల్లా.

"నిచ్చెన విరిగింది కదా."

నిచ్చెన విరిగింది 1957లో. ఆ ఏడే గంటకి కరెంటు సుత్తి పెట్టించారు. కింద మీట నొక్కితే పైన మోగుతున్నప్పుడు ఇంక ఎక్కాల్సిన పనేముందని ఎవరూ నిచ్చెన బాగుచేయించలేదు. అరవై ఏళ్ళ పైచిలుకు పావురాలు తప్ప ఆ గంట మొహం చూసినవాళ్ళు లేరు.

హాల్లో ఉన్న భోజనాల బల్ల మీదే కాయితం రాసుకున్నారు. జ్ఞానతల్లిగా ఫిలోమెన్ పినెత్ పేరుంటే అల్మా రాయి మీద మూడో వరుస ఉంటుంది. గోవ్రో పేరుంటే ఉండదు. ఉండకపోవడమే కాదు, నోయెల్లా ఈ జన్మలో ఆ కథ మళ్ళీ ఎత్తకూడదు. ఇద్దరూ సంతకం పెట్టారు, ఫాదర్ సాక్షి సంతకం పెట్టారు.

ఇంటికి పోతూ నోయెల్లా రాతి గది దగ్గర ఆగింది. మోకాలి లోతు మంచు. తలుపు తాళం రోజేర్ దగ్గరుంది.

"అమ్మా, గంట దిగుతోంది. కాస్త ఆగు" అంది తలుపుతో.

ఆగక అల్మా మాత్రం ఏం చేస్తుంది.

ఏప్రిల్ చివరి వారానికి నది కదిలింది. మంచు పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నాలుగు రోజులు దిగువకి పోయాయి. మేపుల్ చెట్ల రసం పాకం కాచడం కూడా అయిపోయింది కాబట్టి జనానికి వేరే పని లేదు. గంట దింపే రోజు హాల్లో కుర్చీలన్నీ బయటికొచ్చాయి. ఊరు ఊరంతా చర్చి ముందు బురదలో కుర్చీలేసుకుని కూర్చుంది. రోజేర్ కోటు తొడుక్కొచ్చాడు. ఓక్ బల్లని గుడ్డ కప్పి గోడకి ఆనించి పెట్టించాడు. దాన్ని చూసి నోయెల్లాకి కడుపు మండిపోయింది. ఆవిడ కూడా ఉత్తచేతుల్తో రాలేదు, పొయ్యి మీది ఫ్రేము సంచిలో పెట్టుకొచ్చింది.

క్రేను గంటని దాని దూలంతో సహా ఎత్తి, ఊపకుండా కిందికి తెచ్చి లారీ మీద పెట్టింది. ముదురు గోధుమరంగులో ఉండాల్సిన కంచు పావురాల పుణ్యమా అని సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ఫాదర్ చొక్కా చేతులు మడిచి, బకెట్టు నీళ్ళు, గట్టి బ్రష్షు పుచ్చుకుని లారీ ఎక్కారు. క్రేను మనిషి వెనక భాగం రుద్దితే ఆయన ముందు భాగం రుద్దారు. పావుగంటకి అక్షరాలు పైకొచ్చాయి. ఫాదర్ ప్రసంగం గొంతుతోనే చదివారు.

"నా పేరు దెల్ఫీన్."

జనం కుర్చీల్లోంచి ముందుకి వంగారు. నోయెల్లా సంచి గట్టిగా పట్టుకుంది.

"జ్ఞానతల్లి, దెల్ఫీన్ ద లా బ్రోస్, జమీందారు గారి భార్య. మోంబ్రియాన్ చర్చి. సంవత్సరం 1841."

నదిలో ఆఖరి మంచు పలకలు రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

మోంబ్రియాన్ అవతలి ఒడ్డున, దిగువన ఉంది. హాకీలో మా వాళ్ళని వరసగా తొమ్మిదేళ్ళు ఓడించిన ఊరు. అక్కడి బేకరీలో రొట్టె బాగుంటుందని కూడా ఇక్కడెవరూ పైకి అనరు.

"1841కి మీ దెల్ఫీన్‌కి ఎన్నేళ్ళు?" అని వెనకనుంచి ఎవరో రోజేర్‌ని అడిగారు.

రోజేర్ వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "ఆరు" అన్నాడు.

"ఫిలోమెన్‌కో?"

నోయెల్లాకి వేళ్ళు అక్కర్లేదు. "పుట్టలేదు" అంది.

అప్పుడు క్రేను మనిషి పిలిచాడు. గంటకీ దూలానికీ ఉన్న బోల్టులు విప్పి దూలాన్ని వెల్లకిలా తిప్పితే, అడుగున, ఇన్నేళ్ళూ గంట నెత్తికి ఆని ఉన్న వైపు, ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి. చిన్నవి, చాలా ఉన్నాయి. ఆ చెక్కిన వడ్రంగికి ఆ చలికాలం వేరే పని ఉన్నట్టు లేదు. ఫాదర్ కళ్ళజోడు తడిసిపోయింది. రోజేర్‌ది పొడిగా ఉంది. కాబట్టి రోజేర్ లారీ ఎక్కి వంగి, చెవిటివాళ్ళకి కూడా వినబడేలా చదవడం మొదలెట్టాడు.

"పాత గంట. మోంబ్రియాన్ వాళ్ళు కొత్తది కొనుక్కుని ఇది మనకిచ్చారు. 1873 మార్చి 11న మంచు మీద తెచ్చాం. గుర్రాలు ఇమ్మని..."

ఆగిపోయాడు.

"చదువు" అన్నారు జనం.

"గుర్రాలు ఇమ్మని గోవ్రోని అడిగాం. మంచు బాగాలేదని ఇవ్వలేదు. పద్నాలుగు మందిమి లాగాం. ఫిలోమెన్ పినెత్ కర్ర పట్టుకుని ముందు నడిచింది. గంట పేరు దెల్ఫీన్. ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదని ఫాదర్ గారన్నారు. ఊరికింకా పేరు లేదు. రెండు పేర్లెందుకని ఊరికీ అదే పెట్టాం."

రోజేర్ నడుం నిటారు చేసి నిలబడ్డాడు. ఊరంతా ఆయన్నే చూస్తోంది.

"మంచు నిజంగానే బాగాలేదేమో" అన్నాడు.

ఆయన లారీ దిగి, గోడకి ఆనించిన బల్ల మీద గుడ్డ జారిపోకుండా సర్దాడు.

నోయెల్లాకి ఆ ఒక్క వాక్యం చెవిలో పడింది, 'ముందు నడిచింది'. ఒక్క క్షణం గుండె పొంగింది. మరుక్షణం మిగతాది అర్థమైంది. గంటకి ఫిలోమెన్ పేరు పెట్టలేదు. ఫిలోమెన్‌కే గంట పేరు వచ్చింది. నది మీద కర్ర పొడుచుకుంటూ ఆవిడ ముందు వస్తుంటే, ఒడ్డున నిలబడ్డవాళ్ళు దెల్ఫీన్ వస్తోంది, దెల్ఫీన్ వస్తోంది అని అరిచి ఉంటారు. గంటని చూసే అరిచారు. ఆ పేరు ఊరికి అతుక్కుంది, ఆవిడకీ అతుక్కుంది. అంతే. వంటింట్లో పొయ్యి పైన వేలాడిన నకలు నిజమే, దాని వెనక అల్మా అల్లుకున్నది నిజం కాదు.

జనం నవ్వి ఉంటే బాగుండేది. నవ్వితే తిరిగి నాలుగు అనొచ్చు. ఎవరూ నవ్వలేదు. కొట్టు నడిపే ఆవిడ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. నోయెల్లా ఆ చెయ్యి తీసేసి, సంచి చంకన పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఎనిమిది రోజులు గడప దాటలేదు. సిగ్గేసింది, సిగ్గు పడుతున్నందుకు అమ్మ మీద కోపం వచ్చింది, పోయిన మనిషి మీద కోపం తెచ్చుకున్నందుకు ఏడుపొచ్చింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళు తను గుద్దిన ముద్ర ఎవరిది? మోంబ్రియాన్ జమీందారు పెళ్ళాంది. ఆవిడెవరో ఈ ఒడ్డున కాలు కూడా పెట్టి ఉండదు. అమ్మకిచ్చిన మాట ఏం చేయాలో తోచలేదు. మాట నిలబెట్టుకుంటే రాయి మీద అబద్ధం చెక్కించాలి. ఎటూ రోజేర్ సంతకం పెట్టడు. చెక్కించకపోతే, చచ్చిపోయాక కూడా ఊరు ఆ ఊతపదం అనుకుంటూనే పోతుంది, ఈసారి రుజువుతో సహా.

తొమ్మిదో రోజు తలుపు చప్పుడైంది. తీస్తే రోజేర్. ఒక చేతిలో చిక్కుడు గింజల కుండ, పంది కొవ్వు వేసి రాత్రంతా ఉడికించినవి. ఇంకో చేతిలో శ్మశానం కాయితం.

"తిట్టడానికొచ్చావా?" అంది నోయెల్లా.

"నన్ను తిట్టడానికి నువ్వు రావట్లేదు కదా, నేనే వచ్చాను."

లోపలికొచ్చి కుండ పొయ్యి మీద పెట్టాడు. పొయ్యి పైన గోడ మీద ఫ్రేము ఉండాల్సిన చోట తెల్లటి చదరం కనబడుతోంది. దాన్ని చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"శనివారం తవ్వుతారు. నేల మెత్తబడింది. రాయి చెక్కేవాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు" అన్నాడు.

"మూడో వరుస తీసేయ్. నువ్వే గెలిచావు."

"నేనేం గెలిచాను? మా వాళ్ళు గుర్రాలివ్వలేదని ఊరంతటికీ నేనే గొంతు చించుకుని చదివాను. కొట్లో ఇప్పుడేమంటున్నారో తెలుసా?"

"ఏమంటున్నారు?"

"ఎవరైనా ఏదైనా అరువడిగితే, మంచు బాగాలేదంటున్నారు."

నోయెల్లా నవ్వకూడదనుకుంది. కొంచెం నవ్వింది. రోజేర్ కూడా నవ్వి ఉండేవాడేమో గానీ ఆయనకింకా ఆ గాయం పచ్చిగానే ఉంది.

"యాభై ఏళ్ళు మీ అమ్మ చర్చిలో నా వెనక వరసలో కూర్చుంది. ప్రతి ఆదివారం ప్రసంగం టైములో, నా మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గరికొచ్చి, దెల్ఫీన్ పినెత్ అని గొణిగేది. ఒక్క వారం తప్పలేదు. జనవరి నుంచీ ఆ ఊపిరి లేదు. వెనక్కి తిరిగి చూస్తున్నాను నోయెల్లా. మా ఆవిడ కూడా అడిగింది, ఎందుకలా తిరుగుతున్నావని."

నోయెల్లా చిక్కుళ్ళ కుండ కింద మంట తగ్గించింది.

"ఏదో ఒకటి రాయి. ఖాళీ రాయి ఆవిడకి నప్పదు. నిజమైతే సంతకం పెడతాను" అని కాయితం ముందుకి తోశాడు.

నోయెల్లా పెన్ను తీసుకుంది. అమ్మ రాసిన వరుస వైపు చాలాసేపు చూసింది. ఊరికి పేరిచ్చిన. ఇవ్వలేదు. మరేం చేసింది? నోయెల్లాకి కళ్ళ ముందు మార్చి నెల నది కనిపించింది. మంచు మీద ఎండ, అడుగున కదులుతున్న నీళ్ళు, తాళ్ళు భుజాన వేసుకున్న పద్నాలుగు మంది. వాళ్ళందరికీ ముందు, మొగుణ్ణి మింగిన అదే నది మీద, ఒక ఆడమనిషి కర్రతో పొడిచి, విని, అడుగు వేసి, మళ్ళీ పొడిచి. ఆవిడ వెనక బండి మీద పేరు వస్తోంది. నోయెల్లా వంగి రాయడం మొదలెట్టింది. రాసి ఇచ్చింది.

'ఈ ఊరి పేరు మంచు మీద నది దాటి వచ్చింది. ముందు నడిచింది ఈమె ముత్తవ్వ.'

రోజేర్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇవి రెండు వాక్యాలు" అన్నాడు.

"అయితే?"

"నియమం ఒక్క వాక్యం."

నోయెల్లా ఆయన చేతిలోంచి కాయితం లాక్కుంది. పైది కొట్టేసి కింద రాసింది. 'ఈ ఊరి పేరు మంచు మీద నది దాటుతుంటే ముందు నడిచినామె మునిమనవరాలు.' రోజేర్ చదివి, ఈసారి ఏ వంకా పెట్టకుండా సంతకం చేశాడు. సంతకం కింద 'నిజం' అని రాయాల్సిన గడి ఒకటుంది. అందులో 'నిజం' అని రాసి కింద గీత కూడా గీశాడు.

ఇద్దరూ చిక్కుళ్ళు తిన్నారు. ఉప్పు తక్కువైందని నోయెల్లా చెప్పింది.

గంటకి పగుల్లేదు. అనుకున్న పగులు పావురాల మురికి. కడిగేసరికి పోయింది. గురువారానికి మళ్ళీ పైకెక్కించారు. కరెంటు సుత్తి బిగించే మనిషి మాత్రం జూన్ దాకా రానన్నాడు. ఆ ఒక్క నెలా గంటకి తాడు కట్టి చేత్తో లాగాలి.

శనివారం పొద్దున్న రాతి గది తలుపు తీశారు. ముగ్గురిలో అల్మాని ముందు తీసుకొచ్చారు, ఎందుకంటే ఒకటి, ఆవిడే పెద్దది, రెండు, ఆవిడకి ఆగడం ఇష్టం ఉండదు. నది నీలంగా, నిండుగా పోతోంది. మా ఊళ్ళో మనిషిని భూమిలో పెట్టేటప్పుడు బతికిన ఏడాదికొకటి చొప్పున గంట కొడతారు. అల్మాకి తొంభై నాలుగు. కరెంటు ఉన్న రోజుల్లో అది మీట నొక్కి నిలబడే పని. ఆ రోజు తాడు ఎవరు లాగుతారో నోయెల్లా అడగలేదు, ఆవిడ దృష్టంతా పెట్టె మీదే ఉంది.

గంట మొదలైంది. ముందు సరిగ్గా, తర్వాత కొంచెం నెమ్మదిగా. ముప్ఫై దాటాక మధ్యలో ఖాళీలు ఎక్కువయ్యాయి. అరవై దాటాక జనం చర్చి వైపు చూడ్డం మొదలెట్టారు. ఆగలేదు. ఒక్కొక్కటీ ఆలస్యంగా వస్తోంది గానీ వస్తోంది. ఫాదర్ ప్రార్థన చదివి ముగించి, గంట ముగిసేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు. నోయెల్లా సమాధి గుంట అంచున కూర్చుని కిందికి వంగింది.

"అమ్మా, నువ్వు అబద్ధం చెప్పలేదే. వెనకది ముందు చెప్పావు, అంతే. రాయి మీద సరిచేసి రాయించాను. కోప్పడకు" అంది మెల్లగా.

పిడికెడు మట్టి వేసింది. అప్పుడు ఏడ్చింది, అడ్డు లేకుండా, ఫిబ్రవరిలో ఏడవనంత.

గంట ఆగాక చర్చి తలుపులోంచి రోజేర్ బయటికొచ్చాడు. కోటు లేదు, చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. రెండు చేతులూ ముందుకి చాపి పట్టుకుని నడుస్తున్నాడు. అరచేతులు ఎర్రగా కమిలి, రెండు మూడు చోట్ల తోలు ఊడింది. డెబ్భై ఏళ్ళ మనిషి. వచ్చి నోయెల్లా పక్కన నిలబడి, ఊపిరి కుదుటపడేదాకా సమాధి వైపే చూశాడు.

"లెక్క తప్పావు. తొంభై అయిదు కొట్టావు" అంది నోయెల్లా, మొహం తుడుచుకుంటూ.

"తప్పలేదు. మీ అమ్మకి తొంభై నాలుగు."

"మరి ఆ ఎక్కువది?"

"గుర్రాల తరఫున" అన్నాడు రోజేర్.

నోయెల్లా సంచిలోంచి చేతిరుమాలు తీసి రెండుగా చింపింది. ఒక ముక్క ఆయన కుడిచేతికి కట్టింది, ఇంకో ముక్క ఎడమచేతికి కట్టింది.